ఎర్రగుడ్డలు పీకించిన కరకట్ట

జీపులో కూర్చుని కరకట్ట బాగుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు అలా సంతకం పెట్టినవాణ్ణి కాబట్టి ఇంకా ఎక్కువ మండుతుంది.

అప్పుడు నేను దివిసీమలో కృష్ణా కరకట్ట చూసే కొత్త ఇంజనీరుని. బందరులో అద్దె ఇల్లు, రోజూ బైకు మీద రాకపోకలు. కట్టను నిజంగా చూసేది మాత్రం నా కింద కట్ట కాపలా కాసే లస్కరు. కట్ట దిగువనే ఆయన ఇల్లు. మావయ్యా అని పిలిచేవాణ్ణి. వానాకాలం ముందు చెప్పుల్లేకుండా కట్టంతా నడిచి, కాలికి మెత్తగా తగిలినచోట, పందికొక్కులు తవ్వినచోట తుమ్మపుల్ల పాతి ఎర్రగుడ్డ కట్టేవాడు. బొరియ తవ్వి, మట్టి వేసి, దిమ్మిస కొట్టాకే ఆ గుడ్డ విప్పాలి. అది ఆయన పద్ధతి.

ఆ ఏడు పదకొండు గుడ్డలు కట్టాడు. మట్టిపనికి అనుమతి రాకముందే పెద్ద ఇంజనీరుగారు తనిఖీకి వస్తున్నారని ఫోనొచ్చింది. ఇన్ని బొరియలుంటే ఏం చేస్తున్నావని తిడతారని భయపడ్డాను. సిగ్గులేని భయం.

"అవి పీకెయ్ మావయ్యా. ఆయన వెళ్లాక మళ్లీ పాతుదాం."

"గుడ్డ పీకితే బొరియ పూడదు కదండీ," అన్నాడు. అయినా పీకాడు. చెప్పింది అధికారి కదా!

పెద్దాయన జీపు దిగలేదు. కట్ట భేషుగ్గా ఉందన్నారు. నేను 'సంతృప్తికరం' అని రాశాను. మర్నాడే లస్కరును కాలువ షట్టర్ల పనికి పంపేశాను. గుడ్డల సంగతి మరిచిపోయాను.

బ్యారేజీ నుంచి వరద వదిలిన మూడో రోజు మధ్యాహ్నం, కట్ట దిగువన బురదనీళ్లు ఊరడం మొదలైంది. ఇసుక బస్తాలు భుజాన వేసుకుని ఊరంతా వచ్చింది.

"బొరియ ఎక్కడండీ? బస్తా ఎక్కడ వెయ్యమంటారు?" అని నా మీద అరిచారు. గడ్డి నడుం ఎత్తు పెరిగింది. ఒక్క గుడ్డా లేదు. లస్కరు వచ్చేసరికే కట్ట తెగింది. మనుషులు బయటపడ్డారు. చేలు మునిగాయి. ఆయన ఇల్లు కూలిపోయింది.

నీళ్లు తీశాక పెద్దాయన మళ్లీ వచ్చారు. ఈసారి జీపు దిగారు. "లస్కరు కట్ట చూడలేదని రాయవయ్యా," అన్నారు, లస్కరు ఎదురుగానే. అలా రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది. తెగకుండా మిగిలిన కట్ట మీద అప్పటికే లస్కరు కట్టిన కొత్త గుడ్డలు ఉన్నాయి, తడిసిన చీర చింపి కట్టినవి.

"ఇవేంటి?" అన్నారు పెద్దాయన.

"ముందూ ఉన్నాయండీ. నేనే పీకించాను," అన్నాను. కాగితం మీదా అదే రాశాను.

లస్కరు ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది. మర్నాడు కట్ట మీద కలిసినప్పుడు మెచ్చుకుంటాడనుకున్నాను, చూడండి నా బుద్ధి! ఆయన గుడ్డ ముడి బిగిస్తూ నావైపు చూడనైనా లేదు.

"ఆ ముక్క తనిఖీ రోజే చెప్పుంటే మా ఇల్లు ఉండేది కదండీ," అన్నాడు.