రూతమ్మ వంతు

1988లో పిడుగురాళ్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ ఇన్‌చార్జిని. ఏసీ గదిలో ఒకే మిషన్, దానికి నాలుగు టెర్మినళ్లు, అంటే తెర, కీబోర్డు తప్ప మరేమీ లేని పెట్టెలు. లెక్కలు చేసే ప్రాసెసర్ నాలుగింటికీ కలిపి ఒక్కటే.

దాన్ని పంచిపెట్టేది ఆపరేటింగ్ సిస్టమ్. ఒక్కో ప్రోగ్రామ్‌కు సెకనులో చిన్న ముక్క ఇచ్చి, పక్కదానికి పోతుంది. ఏ ప్రోగ్రామైనా ప్రాసెసర్‌ను వదలకుండా వాడుకుంటుంటే దాని ప్రయారిటీని, అంటే వరసలో దాని స్థానాన్ని, తనే తగ్గిస్తుంది. కూర్చుని టైపు చేసే మనిషికి ముందు వంతు ఇస్తుంది. ఆ వరసను తలకిందులు చేయగలిగేది సూపర్ యూజర్ పాస్‌వర్డ్ ఉన్నవాడు. అది నా దగ్గరే ఉండేది.

పెదకూరపాడు నుంచి వచ్చిన రూతమ్మ మూడు నెలల ట్రయల్ మీద చేరింది. సున్నం బట్టీలో పనిచేసి ఊపిరి పాడైన భర్త ఇంట్లో ఉన్నాడు. క్వారీ లారీల కాటా చీటీలు మిషన్‌లోకి ఎక్కించడం ఆమె పని. గంటకు ఎన్ని ఎక్కిస్తుందన్న దాని మీదే ఉద్యోగం నిలవడం.

ఆ రోజుల్లోనే నేను సున్నపురాయి పాళ్లు లెక్కగట్టే ప్రోగ్రామ్ రాశాను. మీటింగులో జనరల్ మేనేజర్ మెప్పు పొందాలని ఆరాటం. పొద్దున్నే దాని ప్రయారిటీని అన్నిటికంటే పైకి పెట్టేవాణ్ణి. ఇక మిగతా తెరలు బిగుసుకుపోయేవి. పాతవాళ్లు టీకి లేచిపోయేవారు. రూతమ్మకు ఆ వీలు లేదు.

చివరి వారం సూపరింటెండెంట్ వాచీ చూసుకుంటూ ఆమె వెనక నిలబడ్డాడు.

"ఏందమ్మా, నిద్రపోతా కొడుతున్నావా?"

"నేను కొడతానే ఉన్నా సార్. మీ పెట్టే కదలట్లా. ఒక చీటీకీ ఇంకో చీటీకీ మధ్య మా ఆయన సొక్కాకి గుండీ కుట్టొచ్చు."

ఆయన నవ్వలేదు. ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వన్నా చెప్పు. మిషన్‌లో ఏందో ఉంది గదా?"

"మిషన్ బాగానే ఉందమ్మా," అన్నాను.

అందులో అక్షరం అబద్ధం లేదు. అంతకంటే నీచమైన మాట నేను జీవితంలో మరొకటి అనలేదు.

"అయితే నా చేతి ఏళ్లే బాగలేవన్నమాట," అని ఆమె చీటీల కట్టకు రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టింది. శనివారం ఆమెను ఇక పనిలోకి రావద్దన్నారు.

అతిగా వాడుకునే ప్రోగ్రామ్‌ను సిస్టమ్ అదుపు చేస్తుంది. పాస్‌వర్డ్ చేతిలో ఉన్న మనిషిని అదుపు చేయాల్సింది అతనే. ఆ చిన్న పని నేను చేయలేదు.

సోమవారం, నా పని బయటపడుతుందేమోనని భయమేసి, ప్రోగ్రామ్‌ను మామూలు ప్రయారిటీకి దించాను. పదకొండింటికి వచ్చే లెక్క ఒంటిగంటకు వచ్చింది. మీటింగు ఎప్పట్లాగే నాలుగింటికి.