కాకి కబురు

రాసిన కథను ఎవరైనా చదివారా అని అడగడం చిన్నతనంగా ఉంటుంది. అడగకుండా ఉండటం అంతకన్నా కష్టం. నేను ఈ రెండింటి మధ్య నలుగుతున్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయింది. నిజామాబాదులో కంప్యూటర్ సెంటర్ నడిపే మా తమ్ముడు ఒకనాడు నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, నీ కథలు ఎవలూ చదువుతలేరు. నువ్వే చదివి వినిపియ్యి, నెట్ల పెడ్త. దాన్ని పాడ్‌కాస్ట్ అంటరు."

మొదటి ముక్కకు ఒళ్లు మండింది గానీ రెండో ముక్క బుర్రలో తిష్ట వేసింది. ఇక పగలు బడిలో పాఠాలు, సాయంత్రం కథ రాసుకోవడం, ఆదివారం మధ్యాహ్నం రికార్డింగు. మా గల్లీలో చప్పుడు లేని క్షణం దొరకదు. పాత సామాన్లవాడు పోతే పక్కింటి మిక్సీ మొదలవుతుంది. అందుకని తలుపులన్నీ వేసి, నెత్తి మీదుగా బొంత కప్పుకొని, చెమటలు కారుతుండగా మైకు ముందు చదివేదాన్ని. "కథల పిచ్చి ఒక్కటే అనుకున్న, ఇప్పుడు బొంత పిచ్చి గూడ పట్టిందా" అని మా ఆయన బయటి నుంచి నవ్వేవాడు. ఇంతా చేస్తే వినేది తమ్ముడు, నేను, దుబాయిలో ఉన్న వాడి దోస్తు. ఆ దోస్తు కూడా మొహమాటానికే వింటున్నాడని నా అనుమానం.

అయితే ఒక మేలు జరిగింది. కాగితం మీద నేను 'వెళ్లిపోయాడు' అని రాసేదాన్ని. మైకు ముందు ఆ మాట ఎవరో పరాయివాళ్లు మాట్లాడినట్టు ఉండేది. 'పోయిండు' అంటేనే నా గొంతు నాకు వినిపించేది. మెల్లగా కథల్లో మనుషుల మాటలు కూడా అట్లాగే రాయసాగాను. బడిలో తోటి పంతులమ్మలు ముఖం చిట్లించారు. చిట్లిస్తే చిట్లించనీ అనుకున్నాను.

అట్లా రాసిన కథల్లో ఒకటి, పోచంపాడు డ్యాం నీళ్లలోకి చేపలకు పోయి తిరిగిరాని మనిషిది. చెప్పేది అతని భార్య. "పొద్దుగాల పోయిండు. పొద్దుమూకింది. మా ఆయన రాలే" అని మొదలవుతుంది. చదువుతుంటే నాకే దుఃఖం ఆగలేదు. ఆ ఏడుపు కోసేద్దామని తమ్ముడు అంటే వద్దంటే వద్దన్నాను. నిజం చెప్పాలంటే ఆ ఏడుపు చూసుకొని నాకు గర్వంగా ఉండింది.

నెట్‌లో ఎవరూ వినడం లేదని తమ్ముడు ఇంకో తోవ పట్టాడు. అప్పట్లో మొబైల్ దుకాణాల వాళ్లు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. బీడీలు చుట్టే ఆడవాళ్లు గుంపుగా కూర్చొని, ఒళ్లో చాటలు పెట్టుకొని, మధ్యలో ఒక చైనా ఫోను మోగించుకుంటూ పని చేసుకునేవాళ్లు. బోధన్ బస్టాండు దగ్గర తమ్ముడు తనకు తెలిసిన దుకాణంలో నా కథలు ఇచ్చి, పాటలతో పాటు ఎక్కించమన్నాడు. ప్రతి కథకూ ముందు చిన్న వేణువు, "ఇది కథల పాడ్‌కాస్ట్, రాసిందీ చదివిందీ నేనే" అనే నా మాట ఉంటాయి. ఆ మాట రాగానే జనం తర్వాతి పాటకు పోతున్నారని దుకాణం అతను ఆ ముక్క కాస్తా కత్తిరించి పారేశాడు. అది మాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు పొద్దున చాయ్ వడగడుతున్నాను. గల్లీ మొదట్లో ఏడుపు వినిపించింది. మా దిక్కు చావింటికి వచ్చే ఆడవాళ్లు వీధి మలుపు నుంచే శోకం అందుకుంటారు. పాపం ఎవరింట్లోనో అనుకున్నాను. ఆ ఏడుపు మా గేటు తీసుకొని లోపలికే వచ్చింది.

వచ్చింది వర్నిలో ఉండే మా ఆయన మేనత్త. వచ్చీరాగానే నా మెడ పట్టుకొని బోరుమంది.

"ఎంత పనాయె బిడ్డా! చేపలకు పోకురా అల్లుడా అంటే ఇన్లేకపాయె! నిన్నెట్ల ఆగం జేసి పోయిండు బిడ్డా!"

ఎవరు పోయారో తెలియదు, అయినా నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. "ఎవలు పోయిండ్రు చిన్నమ్మా?" అని అడిగాను.

"నీ పెనిమిటే గదనే!"

నా పెనిమిటి స్నానాల గదిలో ఉన్నాడు. నీళ్ల చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. అయినా ఆ ఒక్క క్షణం, ఆమె అంత నమ్మకంగా చెబుతుంటే, ఆ నీళ్ల చప్పుడే అబద్ధం అనిపించింది. అంతగా దడుచుకున్నాను. ఇంతలో తువ్వాల చుట్టుకొని, చెవిలో సబ్బు నురగతో మా ఆయన బయటికి వచ్చి "ఏమైంది అత్తా?" అన్నాడు. మేనత్త ఒక్క కేక పెట్టి నేల మీద కూలబడింది.

నీళ్లు తాగించాక గానీ సంగతి బయటపడలేదు. "బీడీల కాడ ఫోన్ల నువ్వే చెప్తివి గదనే, పోచంపాడుకు పోయిండు, రాలే అని. ఏడ్వబడితివి. నీ గొంతు నేను గుర్తువట్టనా?" అంది. మొన్న ఆదివారం మా ఆయన చేపల వేపుడు తినడానికి పోచంపాడు పోయిన మాట నిజమే. ఆ సంగతి ఆమె చెవిన పడింది, అది కూడా కలిసొచ్చింది.

"అది కథ చిన్నమ్మా!"

"కథల గంతగనం ఏడుస్తరా ఎవలన్న?"

ఈ మాట ఎవరైనా అంటే చాలని నేను ఏళ్ల తరబడి కాచుకొని ఉన్నాను. అన్నప్పుడు మాత్రం ఒళ్లు ఝల్లుమంది.

"ఒక్క ఫోన్ జేసి అడగొద్దా అత్తా?" అన్నాడు మా ఆయన.

"చావు ముచ్చట ఫోన్ల అడుగుతర్రా?" అని కసిరి, అంతలోనే ఆమె ముఖం విప్పారింది. "ఓయమ్మ! కాకి ముట్టిందా?"

కాకి వచ్చి మనిషి నెత్తి మీద తన్నితే గండం అని మా దిక్కు నమ్మకం. అది తప్పాలంటే, ఆ మనిషి పోయిండని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. అయినవాళ్లు నిజమనుకొని ఏడిస్తే ఆ ఏడుపుతో చావు తీరిపోయినట్టే. తర్వాత బతికే ఉన్నాడని చెబుతారు. అందరూ తిట్టి, నవ్వి, చాయ్ తాగి పోతారు.

"నన్ను ఏ కాకీ ముట్టలే అత్తా" అన్నాడు మా ఆయన.

"ముట్టిందని ఎవలు చెప్తర్రా? ముందుగాల చెప్తే ఏడుపెట్ల వస్తది? మంచి పని జేసినవ్ బిడ్డా, ఫోన్ల చెప్పి ఊరూరు ఏడిపిచ్చినవ్" అని నా చెంపలు నిమిరింది. నా కథకు దొరికిన మొదటి మెచ్చుకోలు అదే. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమెకు చాయ్ పోశాను.

చాయ్ తాగుతూ ఆమే అంది. "నువ్వు ఫోన్ల చెప్పినవని రుద్రూరుల మా వదినెకు గూడ కబురు వంపిన. వచ్చెటప్పుడు."

మా ఆయన దిగ్గున లేచాడు. వదినె అంటే మా అత్త, ఆయన కన్నతల్లి. రుద్రూరులో బావగారి దగ్గర ఉంటుంది. గుండె బలహీనంగా ఉందని, ఏ చెడ్డ వార్తా చెవిన పడనీయొద్దని బోధన్ డాక్టరు గట్టిగా చెప్పాడు. బావగారికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ముగ్గురం ఉన్నపళంగా బస్సెక్కాం. దారిలో చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చినప్పుడల్లా మా ఆయన సీట్లోంచి లేచి నిలబడేవాడు. నా గొంతు విని ఒక మనిషి చచ్చిపోతుందా అన్న ఆలోచన నన్ను వదలలేదు.

బావగారి వాకిట్లో జనం ఉన్నారు. మా ఆయనను చూసి ఇద్దరు ముగ్గురు వెనక్కి దుమికారు. "కాకి ముట్టింది, కాకి ముట్టింది, గండం పోయింది" అని మేనత్త అరుచుకుంటూ ముందు నడిచింది. నవ్వులు, తిట్లు ఒక్కసారే లేచాయి. ఎవరో ఆయన వీపు మీద చరిచారు.

మా అత్త గోడకు ఆనుకొని కూర్చుంది. ప్రాణంతో ఉంది. ఆయన పోయి ముందు కూర్చుంటే, ముఖమంతా రెండు చేతులతో తడిమింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"అందరు ఏడ్చిండ్రా?" అని మేనత్తను అడిగింది.

"మస్తు ఏడ్చినం వదినే."

"నాకు ఏడుపు రాలే" అంది అత్త.

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. పొద్దటి నుంచి ఆమె కంట్లోంచి ఒక్క చుక్క రాలేదట. కబురు విన్నప్పుడు ఎట్లా కూర్చుందో అట్లాగే ఉండిపోయిందట. ఊరంతా ఏడిస్తే ఏం లాభం, కన్నతల్లి ఏడవలేదు. గండం పోలేదు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు, అందరి ముఖాల్లో కనిపించింది. అత్త ఒక్కొక్కరి ముఖమే చూసింది.

"అవ్వా, కాకి లేదు, ఏం లేదు. నీ మీద ఒట్టు" అన్నాడు ఆయన. ఆమె వినడం లేదు. ఊపిరి అందక ఎగపోస్తోంది. నాలుక కింద మాత్ర పెట్టారు. ఈమెను చంపేది నా కథ కాదు, ఏడవలేకపోయానన్న ఈ భయమే చంపుతుందని అప్పుడు తెలిసింది.

అత్త నా చేయి పట్టుకుంది. "నువ్వు మల్ల చెప్పు. ఫోన్ల గాదు, నోటితోని చెప్పు. ఏడుస్త."

ఆమె ముందు, ఆయన పక్కన కూర్చున్నాను. ఎన్నిసార్లు దిద్దిన వాక్యమో అది. బొంత కింద ఎన్నిసార్లు చదివానో. "పొద్దుగాల..." అన్నాను. ఆయన మోకాలు నా మోకాలికి తగులుతోంది, వెచ్చగా ఉంది. తర్వాతి మాట రాలేదు. రాసేటప్పుడు ఏ జంకూ లేకుండా రాసిన మాట అది.

"అను" అంది అత్త.

తల అడ్డంగా ఊపాను.

"అను బిడ్డా. నువ్వంటేనే నా కొడుకు బతుకుతడు."

"పోయిండు" అన్నాను.

అత్త గోడకు తల కొట్టుకొని ఒక్కసారిగా ఏడ్చింది. కొడుకు మెడ చుట్టూ చేతులు వేసి, ఉన్న కొడుకునే పట్టుకొని పోయిన కొడుకు కోసం ఏడ్చింది. వాకిట్లో ఆడవాళ్లందరూ అందుకున్నారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో నా కథ మిగతాది ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.