అధ్యక్షుడికి అక్షరాలు

మా పెదనాన్నకు తెలుగు చదవడం రాదు. అది తప్పేమీ కాదు. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న మా తెలుగు కుటుంబాల్లో చాలామందికి రాదు. ఇంట్లో మాట్లాడతాం, బడిలో తమిళం చదివాం, ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొస్తాం. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకూ రాలేదు. కానీ పెదనాన్న మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. తనకు చదవడం రాదని ఏనాడూ ఒప్పుకోలేదు.

నాకు నేర్పింది మా వీధి చివర ఉండే రిటైరైన తెలుగు టీచరమ్మ. తట్టాంచావడిలో వర్క్‌షాపు పని కాగానే నేరుగా ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. "మాయ" అన్న మాటను "యామ" అని చదివేదాన్ని. ఆమె నవ్వితే నేనూ నవ్వి మళ్ళీ చదివేదాన్ని. కొన్ని నెలలకు పేపరు చదవగలిగాను.

ఆ ఉత్సాహంలోనే సంఘం గుమ్మం మీద కొత్తగా పెట్టిన బోర్డు చదివాను. "తెలుగు సంఘం" అని ఉండాల్సిన చోట "తెగులు సంఘం" అని ఉంది. తెలుగు రాని పెయింటరు రెండు అక్షరాలు తారుమారు చేశాడు. పెదనాన్న దాని కింద నిలబడి ఫొటోలు దిగి, వాట్సాప్‌లో అందరికీ పంపుకున్నాడు.

పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను.

"యాడ తప్పు? ఏంది తప్పు?" అన్నాడు.

"రెండో అక్షరం, మూడో అక్షరం మారిపోయినాయి పెదనాయనా. తెగులంటే పంటకొచ్చే రోగం."

"నువ్వు మొన్న నేర్చుకున్నదానివి. అది పాతకాలం రాత. మనోళ్ళు ఈడికి వచ్చినప్పుడు అట్లనే రాసేటోళ్ళు."

నెల్లూరు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన దాన్ని చూసి పగలబడి నవ్వాకే ఆ బోర్డు దిగింది. ఇకమీద ఎవరికైనా చూపించి రాయిస్తానని అప్పుడైనా అన్నాడా? లేదు. పెయింటరు తాగి రాశాడని ఊరంతా చెప్పాడు. ఆ మనిషి చుక్క ముట్టడని అందరికీ తెలుసు.

మరుసటి ఏడాది సంఘం టీచరమ్మకు సన్మానం తలపెట్టింది. ఫ్లెక్సీ ఒకసారి నాకు చూపించమని పెదనాన్నను అడిగాను. "అధ్యక్షుడు నువ్వా, నేనా?" అన్నాడు. ఫోన్లో ఎవరో పంపిన, చుట్టూ పూలున్న బొమ్మ ఒకటి ఆయనకు నచ్చింది. అందులో టీచరమ్మ ఫొటో, అంతకంటే పెద్దగా తన ఫొటో పెట్టించాడు. పైన లావుపాటి అక్షరాల్లో "సంతాప సభ" అని ఉంది.

హాలు నిండా జనం. చదవగలిగినవాళ్ళం ముగ్గురమో నలుగురమో. టీచరమ్మ వేదికెక్కి, తల తిప్పి చూసి, చిన్నగా నవ్వింది.

"నేనింకా బతికే ఉండాను కదా నాయనా. ఇది పోయినోళ్ళకు పెట్టేది."

పెదనాన్న మైకు అందుకున్నాడు. "టీచరమ్మకు వయసైపోయింది. కండ్లు సరిగా కనపడవు, పావం."

జనం ఆమెవైపు జాలిగా చూశారు. అంతవరకూ ఆయన మీద నాకున్నది విసుగు. ఆ ఒక్క మాటతో అది రోత అయింది. లేచి నిలబడి ఫ్లెక్సీ మీదున్న ఆ రెండు మాటలూ గట్టిగా చదివి, తమిళంలో అర్థం చెప్పాను. టీచరమ్మకు మాత్రం కోపం రాలేదు.

"ఆదివారం మా ఇంటికి రా నాయనా. నేర్పిస్తా."

"నాకా? నాకు నేర్పేదా?" అంటూ ఆమెకు కప్పాల్సిన శాలువాను కుర్చీలో పడేసి వెళ్ళిపోయాడు. నేనే తీసి కప్పాను.

తర్వాత ఆయన చెప్పుకున్న కథలో, షాపువాడితో చెప్పి ఫ్లెక్సీ మార్పించింది నేనేనట. పైగా కమిటీలో తీర్మానం పెట్టాడు. ఇకమీద సంఘం బోర్డులూ కార్డులూ తమిళంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంటాయట. అక్షరాలు నేర్చుకోవడం కంటే తెలుగు సంఘంలో తెలుగు లేకుండా చేయడం ఆయనకు తేలికైంది. అందరూ చేతులెత్తారు. ఇప్పటికీ ఆయనే అధ్యక్షుడు.

టీచరమ్మ ఆదివారం క్లాసుకు ఇప్పుడు ఆరుగురం వెళ్తున్నాం. ఆరో మనిషి మా పెద్దమ్మ, ఆయన భార్య. వైతికుప్పంలో చేపలు కొనుక్కొస్తానని ఆయనకు చెప్పి వస్తుంది. తప్పు రాసినప్పుడల్లా నాలుక కరుచుకుని, కొంగుతో పలక తుడిచి మళ్ళీ రాస్తుంది. మొన్న ఆయన పేరు కాగితం మీద తప్పు లేకుండా రాసి, ఇంటికి తీసుకెళ్ళి చూపించిందట.

చాలాసేపు చూసి, "ఎవరు రాసింది? ఒక అక్షరం తప్పు ఉండాదే," అన్నాడట.