చేతులకు థిన్నర్ వాసన

తిరువూరులో మా సారు స్క్రీన్ ప్రింటింగ్ షాపులో పెళ్లికార్డులు, గుడ్డసంచులు అచ్చేస్తాం. గుడ్డ బిగించిన ఫ్రేములకంటిన రంగుని థిన్నర్‌తో కడిగేది నేనే. కడిగే మిషను చూసి రమ్మని సారు నన్ను విజయవాడ పంపాడు.

తిరుగు బస్సులో ఫోన్ చేశాను. "రెండు రకాలున్నాయి సార్. ఒకటి తెరిచి ఉన్న తొట్టి, చేతులు ముంచి మనమే రుద్దాలి. రెండోదానికి మూత వేస్తే అదే కడుగుతుంది."

"మూతదాంట్లో ఫ్రేము గుడ్డ చిరిగితే? తొట్టిదే తీసుకుందాం. రుద్దడానికి నువ్వున్నావుగా!"

ఒళ్లు మండిపోయింది. గుడ్డ చిరుగుతుందని అంత భయమా? నా చేతుల తోలు ఊడుతుంటే ఒక్కనాడైనా చూశాడా? అయినా "సరే సార్" అని పెట్టేశాను.

పక్క సీట్లో పెద్దావిడ మామిడిముక్కల డబ్బా నా ముందు పెట్టింది.

"స్పూనుందా అండి? నా చేతులు థిన్నర్ వాసన. ఇంట్లో అన్నం కూడా స్పూనుతోనే తింటాను."

ఆవిడ నా చెయ్యి లాక్కుని వాసన చూసింది. జాలేం పడలేదు. ఓ ముక్క తీసి నా నోట్లో పెట్టి, "నోరు బానే ఉందిగా. ఇందాక ఫోన్లో దానికేమైంది?" అంది.

ముందు ఆవిడ మీదే కోపమొచ్చింది. ముక్క మింగి మళ్లీ ఫోన్ చేశాను.

"మూతదే కొనండి సార్. తొట్టిది తెస్తే మీరే చేతులు ముంచండి."

ఆవిడ మైలవరంలో దిగిపోయింది. పేరైనా అడగలేదు. సారు మొహం మాడ్చుకునే మూతది కొన్నాడు.

ఇప్పుడు నేను అన్నం చేత్తో కలుపుకుని తింటున్నాను.