ఒక్కసారి మామయ్య, ఎనిమిది కొమ్ముల రౌటరు

మామయ్య చేతులు అప్పటికే రౌటరు వెనక దూరిపోయాయి. భుజాన సంచీ ఇంకా దించలేదు. మేనకోడలు తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఇంట్లో ఎంతమందమ్మా?"

"ఐదుగురం. నీకు తెలీదా మామయ్యా?"

"పిలువు. అందరూ ఒక్కసారి!"

ఆ మాట చెవిన పడగానే ఆమెకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. చుట్టాలందరికీ ఆయన 'ఒక్కసారి మామయ్య'. ఆయనకున్నది ఒకటే పిచ్చి. ఏ వస్తువైనా సరే, మోయగలిగినంత బరువూ ఒక్కసారే మోపి చూడందే నమ్మడు. నాలుగు పొయ్యిల స్టవ్ కొంటే నాలుగూ వెలిగించి, నాలుగింటి మీదా నిండు గిన్నెలు పెట్టి, ముందు నిలబడి గడియారం చూసుకుంటాడు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనేముందు అంతస్తుకో చుట్టాన్ని నిలబెట్టి, కింద నుంచి ఈలవేసి, కొళాయిలన్నీ ఒకేసారి తిప్పించాడు. ఆ ఈలకి వాచ్‌మన్ దొంగలనుకుని గేటు మూసేశాడు. మేనకోడలి పెళ్ళిలో అయితే మూడొందల మంది అతిథుల్ని కుర్చీల్లోంచి మూడుసార్లు లేపి కూర్చోబెట్టాడు. ఒకసారి మంచం కొనడానికి వెళ్ళి, కొట్లో ఉన్న తొమ్మిదిమందినీ దాని మీద కూర్చోబెట్టాడు. మంచం నిలబడింది. కొట్టు యజమాని కూలబడ్డాడు.

"ఒక్కడే ఉన్నప్పుడు ఏదైనా బాగానే పనిచేస్తుంది. దాని గుణం రద్దీలో తెలుస్తుంది" అంటాడు. ముప్ఫై ఏళ్ళు మోటార్లకి తీగ చుట్టి బాగుచేసిన చేతులవి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. కొట్టు మూసేశాక ఖాళీగా కూర్చోలేక, అదే పద్ధతిలో ఇంటర్‌నెట్ మీద పడ్డాడు. ఎవరింట్లో నెట్ సరిగా లేకపోయినా పిలవకుండానే వస్తాడు. ఈసారి మాత్రం మేనకోడలే పిలిచింది. వేరే దారి లేక.

ఆమెది ఫోన్లో దుబాసీ పని. డాక్టరు ఒక భాషలో మాట్లాడతాడు, రోగికి అది రాదు. మధ్యలో ఆమె ఇంట్లో కూర్చుని, ఆ మాట ఈయనకీ ఈ మాట ఆయనకీ చేరవేస్తుంది. మూడు నెలలుగా కాల్ మధ్యలో మాట తెగిపోతోంది. "రోజుకు రెండు మాత్రలు" అన్నదాంట్లో 'రెండు' ఎగిరిపోతే ఎంత ప్రమాదం? ఇప్పటికి రెండు ఫిర్యాదులు వచ్చాయి. మూడోది వస్తే జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తామన్నారు. సోమవారం పదింటికి పెద్ద కేసు ఉంది. ఇవాళ శనివారం.

"మనం ఉన్నవాటిలోకెల్లా వేగమైన లైను పెట్టించాం. ఆ ఎనిమిది కొమ్ముల రౌటరు కూడా మా తమ్ముడే ఏరికోరి కొన్నాడు" అన్నాడు భర్త. "ఇంకేం చేస్తాం? తను పని చేసుకునేటప్పుడు మేం నలుగురం నెట్ ఆపేసి కూర్చుంటే సరి."

మామయ్య ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఒకళ్ళు మాట్లాడాలంటే నలుగురు ఊపిరి బిగబట్టాలా? అది రిపేరు కాదు నాయనా, శిక్ష. పదండి, అందరూ ఒక్కసారి!"

నిమిషంలో ఇల్లు సంతలా తయారయింది. పెళ్ళి ఫొటోలు తీసే మరిది, వెయ్యి ఫొటోలు ఒక్కుమ్మడిగా పైకి పంపడం మొదలుపెట్టాడు. కూతురు ఆటలో దిగింది. భర్త ఆఫీసు మీటింగ్ తెరిచాడు. అత్తగారు సీరియల్ పెట్టుకుని కుర్చీలో సర్దుకుంటుంటే మామయ్య ఆపాడు.

"వదినగారూ, టీవీ దానంతటదే నడుస్తుంది. మీరు డాక్టరు."

"నేనా! నాకేం వచ్చు అన్నయ్యగారూ?"

"నన్ను తిట్టడం వచ్చుగా? డాక్టర్లూ అదే చేస్తారు."

ఆయన ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళాడు, రోగిగా. మేనకోడలు తన గదిలో కూర్చుంది, దుబాసీగా.

"ముగ్గురిదీ ఒకటే భాష కదా మామయ్యా, మధ్యలో నేనెందుకు?"

"నీ పని నువ్వు చెయ్యి. డాక్టరుగారూ, నాకు మోకాలు మాట్లాడుతోందండీ!"

"ఏమంటోంది?" అని అడిగింది అత్తగారు గంభీరంగా.

మేనకోడలు నవ్వాపుకుంటూ ఆ ప్రశ్న చేరవేసింది. మామయ్య చెప్పిన జవాబు, "మెట్... క్... ద్దు... క్కు" అని ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"మోకాలు 'ముద్దు, ముక్కు' అంటోందా?" అంది అత్తగారు. "ఇది మోకాలు జబ్బు కాదమ్మా, తలకాయది."

నవ్వులన్నీ అయ్యాక ఆవిడే మెల్లగా అంది. "నీకు రోజూ ఇలాగే వినబడుతుందా? దీని మీద నువ్వు మందులు చెప్పాలా?" ఆ ఇంట్లో వాళ్ళు ఆమె పనిని లోపలినుంచి వినడం అదే మొదటిసారి. మేనకోడలు తల వంచుకుని ఊఁ అంది.

మామయ్య సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. "లైను తప్పు కాదు. గుమ్మం తప్పు. ఈ కొమ్ములవాడు వచ్చినదాన్ని వచ్చినట్టు పోగేసి తోస్తున్నాడు. అబ్బాయి పంపే వెయ్యి ఫొటోల వెనకాల మన పిల్ల ఒక్క మాట నిలబడాలి. ఎప్పటికి వస్తుంది వంతు? వరస నడిపించే బుర్ర ఉన్న పెట్టె కావాలి."

ఆ సాయంత్రం కొట్లో అమ్మే ఆయన, పన్నెండు కొమ్ములది ఇంకోటి తీసి చూపించాడు.

"ఇల్లంతా దూసుకెళ్తుంది సార్!"

"దూసుకెళ్ళేవాళ్ళు మా ఇంట్లో చాలామంది ఉన్నారు. వరస నడపడం పెట్టాక ఇది ఎంత వేగం మొయ్యగలదు?"

"డబ్బా మీద రాసే ఉంది కదా సార్."

"అది వరస లేనప్పటి లెక్క. ఒక్కో మాటనీ చూసి పంపాలంటే బుర్రకి పని పడుతుంది. కొమ్ములకి కాదు." అని కొట్లోవాళ్ళ వైపు తిరిగాడు. "బాబూ, అమ్మా, ఫోన్లు తియ్యండి. వీడియో పెట్టండి. అందరూ ఒక్కసారి!"

ఇయర్‌ఫోన్లు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా సరదాగా కలిశారు. వరస పెట్టేసరికి పన్నెండు కొమ్ములవాడి వేగం మూడో వంతుకి పడిపోయింది. మామయ్య దాని వీపు మీద చెయ్యివేసి, జ్వరం చూసినట్టు చూసి, పక్కన పెట్టేశాడు. కింద అరలో దుమ్ముపట్టిన నల్లటి పెట్టె ఒకటుంది. కొమ్మూ లేదు, సోకూ లేదు, సబ్బుపెట్టెలా ఉంది. దాన్ని కొట్లో ఉన్న వైఫైకి ముందు తగిలించి అంతమందినీ మోపినా అది చలించలేదు.

"సార్, దాంట్లో వైఫై లేదు!"

"వండేవాడికి వడ్డించడం రాకపోతే ఏం? వడ్డించేవాడు ఇంట్లో ఉన్నాడుగా, ఎనిమిది చేతులతో."

ఆదివారం పొద్దున్నే బిగింపు మొదలైంది. లైను ముందు నల్లపెట్టెలోకి, అక్కణ్ణుంచి కొమ్ముల రౌటరుకి. పాతది ఇక వైఫై వడ్డించడానికి మాత్రమే. తర్వాత మామయ్య వేగాన్ని లైను ఇచ్చేదానికంటే కాస్త తక్కువకి కట్టేశాడు. మరిది ఉలిక్కిపడ్డాడు.

"వెయ్యి ఎంబీపీఎస్‌కి ప్లాన్ తీసుకుని తొమ్మిదొందలకి కట్టేస్తారా మామయ్యగారూ?"

"ఆ వంద నీకు ఎప్పుడైనా కనబడిందా?"

"లేదు."

"ఇక ముందూ కనబడదు. పూర్తిగా వదిలేస్తే వరస వెళ్ళి లైనువాళ్ళ గుమ్మంలో నిలబడుతుంది. అక్కడ మన మాట ఎవరు వింటారు? కాస్త తగ్గిస్తే మన గుమ్మంలోనే నిలబడుతుంది. మనవాళ్ళని మనం చూసుకోవచ్చు. సరే, కానివ్వండి. అందరూ ఒక్కసారి!"

మళ్ళీ సంత. మళ్ళీ డాక్టరు, మళ్ళీ మోకాలు. మళ్ళీ "క్... ద్దు... క్కు!"

మేనకోడలి మొహం వాడిపోయింది. "పోనీలే మామయ్యా. రేపటికి వేరే ఎవరినైనా చూసుకోమని ఫోన్ చేసేస్తాను."

మామయ్య నేలమీద బోర్లా పడుకుని, తీగలు ఒక్కొక్కటే వేళ్ళతో తడుముకుంటూ గోడవార పాకడం మొదలుపెట్టాడు. సోఫా కింద నుంచి, తివాచీ కింద నుంచి, బీరువా వెనక నుంచి పాకి, మరిది గదిలో కంప్యూటర్ దగ్గర తేలాడు. చేతిలో ఒక పసుపురంగు తీగ ఉంది. దాని రెండో కొస, లైనువాళ్ళు పెట్టిన డబ్బాకే నేరుగా తగిలించి ఉంది. నల్లపెట్టె మొహం కూడా చూడకుండా పోతోంది.

"అబ్బాయ్, ఏమిటిది?"

మరిది చెవులు ఎర్రబడ్డాయి. "ఫొటోలు త్వరగా వెళ్తాయని... మూడు నెలల కిందట... ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నా మామయ్యగారూ."

"దొడ్డిదారిన వెళ్ళేవాడికి ఇబ్బంది ఉండదు. వరసలో నిలబడ్డవాళ్ళకే."

"మూడు నెలలా!" అంది అత్తగారు. "నీకిప్పుడు వైద్యం చేస్తాను, ఉండు. దుబాసీ కూడా అక్కర్లేదు."

మరిది తనే ఆ తీగ పీకి, నల్లపెట్టెలో తగిలించాడు. వదిన మొహం చూడలేక, "సారీ వదినా" అని తీగతోనే చెప్పాడు. మూడోసారి పరీక్షలో మోకాలు ఏమంటోందో అక్షరం పొల్లుపోకుండా వినబడింది. "మెట్లెక్కొద్దు, లిఫ్టెక్కు అంటోందండీ!"

సోమవారం పదింటికి మేనకోడలు తలుపు వేసుకుంది. నలభై నిమిషాలు. అవతల ఒక తల్లి, తన పాపకి జరగబోయే ఆపరేషన్ గురించి అడిగిందే అడిగింది. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఒక్క మాట తెగలేదు. చివర్లో ఆ తల్లి, "నువ్వు నా పక్కనే ఉన్నట్టుందమ్మా" అంది.

మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ తలుపు తీసింది. పాపం, నా కోసం అందరూ నెట్ ఆపేసి కూర్చుని ఉంటారు అనుకుంది. హాల్లో చూస్తే ఏముంది! టీవీ మూగగా నడుస్తోంది. కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని శత్రువుల్ని చెండాడుతోంది. భర్త మీటింగ్‌లో తల ఊపుతున్నాడు. మరిది రెండు పెళ్ళిళ్ళ ఫొటోలు పంపుతున్నాడు. మధ్యలో మామయ్య, పెదాల మీద ఒక వేలు పెట్టుకుని, రెండో చేత్తో 'ఇంకా, ఇంకా' అని అందరినీ ఎగదోస్తున్నాడు.

"మామయ్యా! ఇవాళ కూడానా!"

"ఇవాళే మరి!"

బల్లమీద నోటుపుస్తకం తెరిచి ఉంది. వేగాల లెక్కలుంటాయనుకుని ఆమె తిరగేసింది. ఒక్క అంకె లేదు.

'కొళాయిలు. పై అంతస్తులో ఒంటరిగా ఉండే టీచరమ్మ వంటింట్లో సన్నధార. పైపు మార్పించాను.'

'మేనకోడలి పెళ్ళి కుర్చీలు. ఆఖరి వరసలో పెద్దాయనది ఊగుతోంది. నాది ఇచ్చాను.'

కూతురు తల దూర్చింది. "మరి ఆ మంచం తాతయ్యా?"

అదీ ఉంది. 'తొమ్మిదిమంది. అంచున కూర్చున్న ముసలావిడ జారలేదు. కొనవచ్చు.'

మేనకోడలికి తన పెళ్ళి గుర్తొచ్చింది. ఆ రోజు మామయ్య ఎందుకు నిలబడే ఉన్నాడని అందరూ అడిగారు. మూడొందల మందిని లేపి కూర్చోబెట్టినందుకు అలిసిపోయాడని నవ్వుకున్నారు కూడా.

"చదవడం అయిందా? ఇలా ఇవ్వు" అని మామయ్య పుస్తకం లాక్కుని, కొత్త కాగితం మీద రాసి, చింపి, పాస్‌వర్డు చీటీతో కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

'ఐదుగురు. అందరూ ఒక్కసారి. ఆఖరి మనిషి మాట తెగలేదు. ఎవరూ ఎవరినీ ఆపనక్కర్లేదు.'

"ఇక ఈ పెట్టె నీది. దుమ్ము పట్టనివ్వకు. పసుపు తీగ నేను పట్టుకెళ్తున్నాను" అని సంచీ భుజాన వేసుకున్నాడు.

లిఫ్టు వచ్చింది. లోపల అప్పటికే నలుగురున్నారు. మామయ్య ఎక్కి, గోడ మీది బోర్డు చదివి, ఇంకా బయటే ఉన్న ముగ్గురి వైపు ఆశగా చూశాడు.

"ఇది ఎనిమిదిమందిని మోస్తుందటండీ. నిజమేనంటారా?"