తమ్ముడి సాక్ష్యం

శాలేము రాజుకు యాభై రెండేళ్లు. మామూలు రోజుల్లో మదనపల్లె ఆసుపత్రిలో కరెంటు పని, ఆదివారాలు చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు. మొదట్లో సంఘ పెద్దలు ‘ఇది దేవుని పాటా, దయ్యాల గోలా?’ అని చెవులు మూసుకున్నారు. తాగుడు మీద, బెట్టింగు మీద ఆయన కట్టిన రాక్ పాటలకు కుర్రకారు కదలడం చూశాక వాళ్లే కబురు పెట్టసాగారు. పాట కోసమే పిలుస్తున్నారనుకున్నాడు, పిచ్చి మారాజు. పిలిచింది సాక్ష్యం కోసం.

ఆ సభల్లో సాక్ష్యం లేని పాట ఉప్పులేని కూడు. పాటకు ముందు తన బతుకులోంచి ఒక సంగతి చెప్పాలి. ఆయన చెప్పేది ఒకటే. తమ్ముడు వరప్రసాద్ తాగి తాగి, ముప్పై నాలుగేళ్లకే రక్తం కక్కుకుని పోయిన సంగతి. పన్నెండేళ్లుగా అదే చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఏ మాట దగ్గర గొంతు వణకాలో కూడా అలవాటైపోయింది. అందుకు తన మీద తనకే రోత.

పుంగనూరు సభకు బీనా వచ్చింది. వరప్రసాద్ కూతురు, పెదనాన్న ఇంట్లోనే పెరిగింది, నర్సింగు చదువుతోంది. ఆ సాక్ష్యం వినడం అదే మొదలు. తిరుగు బస్సులో అంది:

“పెద్దనాయనా, సభకొకసారి మా నాయన్ని సంపతాండావు. ఇంగ సాలు.”

“నలుగురు బాగుపడతారని కదమ్మా.”

“పడనీ. అయినా సంపతాండావు.”

ఇక చెప్పనని ఆయన మాటిచ్చాడు.

తర్వాతి ఆదివారం కుప్పంలో రెండు పాటలు పాడాడు. కుర్రాళ్లు సెల్‌ఫోన్ల లోంచి తలెత్తలేదు. పాస్టరు దగ్గరికొచ్చి, “సాక్ష్యం చెప్పండి బ్రదర్, ఈ పిల్లోళ్లు సగంమంది తాగతాండారు” అన్నాడు. శాలేము రాజు వాళ్ల మొహాలు చూశాడు. మాట నిలుపుకోలేకపోయాడు.

చెప్పాక పదకొండు మంది ముందుకొచ్చి మోకరించి ఏడ్చారు. ఒకడు జేబులోని సీసా తీసి పాస్టరు చేతికిచ్చాడు. సంతోషించాల్సిందే. ఆయనకు మాత్రం బీనాకిచ్చిన మాటే గుర్తొచ్చింది.

మర్నాడు ఇంట్లో బీనా అడిగింది, “సెప్పినావా?”

“సెప్పినానమ్మా. పదకొండు మంది మోకరించినారు.”

“అయితే ఈసారి నేనూ వస్తా. ఆయన సచ్చింది నువ్వు సెప్పు. ఎట్ల నవ్వతా ఉండెనో నేను సెప్తా.”

శాలేము రాజు ఆ నవ్వును గుర్తు తెచ్చుకోబోయాడు. ఎంత వెతికినా తమ్ముడి నోట రక్తమే కనబడింది.

“ఎట్ల నవ్వతా ఉండెనమ్మా?” అని అడిగాడు.