అట్ట మీద పేరు

ఈ ఎడారి దేశంలో, అల్ నహ్దాలోని మా అమ్మాయి ఇంట ఏప్రిల్‌లో బడి పుస్తకాలు దిగితే వాటికి అట్టలు వేసే పని నాకు మిగలదు. అన్నీ ప్లాస్టిక్ తొడుగులతోనే వస్తున్నాయి. అయినా ఆ రోజుల్లో నా ముక్కు మైదా జిగురు వాసనను వెతుకుతుంది. అది నా పెట్టెలోని ఒక్క పుస్తకంలో మాత్రమే మిగిలింది. దానికి అట్ట లేదు. లోపలి అంచులకు జిగురు మరకలున్నాయి.

డెబ్బయ్యవ దశకం చివర, నేను అయిదవ తరగతి చదివేటప్పుడు, ఈ భవనాల స్థానంలో ఇసుక, ఆ ఇసుకలో రేకుల షెడ్ల క్యాంపు ఉండేవి. కట్టడాల కంపెనీలో గుమాస్తా అయిన నాన్నగారు ఇంటిని కూడా కచేరీ వలెనే నడిపేవారు: చెప్పులు వరుసలో ఉండాలి, అరువు తెచ్చిన ప్రతి వస్తువు మీద సొంతదారు పేరుండాలి. ఆ క్రమం నాకెన్నడూ భారమనిపించలేదు. ఖర్జూరాలు పండే ఉక్కలో, గోడలు సైతం చెమర్చే వేళ, గింజలు ఏరి ఇసుకలో వామనగుంటలు ఆడుకునేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నాలు నాన్నగారి వెంట క్యాంపుకు వెళితే, జగిత్యాల వైపు ఊళ్ళో పిల్లలను విడిచివచ్చిన రాజయ్య మామ నువ్వులు, పల్లీలు వేసి గిన్నె అడుగున సర్వపిండి కాల్చి, మొదటి ముక్క నా చేతిలో పెట్టేవాడు.

కంపెనీ స్టోర్ కీపర్ కమావు కెన్యా దేశస్థుడు. తమ దేశపు నవల ఒకటి నాన్నగారికి ఇచ్చాడు. అందులో, తమ పొలాల్లోనే కూలీలైన రైతుల మెడలకు తెల్లదొర నంబరు బిళ్లలు వేలాడదీస్తాడు. బిళ్ల లేకుండా ఊరు దాటితే కొరడా. అడవికి పోయి తిరగబడతామని ప్రమాణం చేసినవారు తిరిగి రారు. నాన్నగారు దానిని శుక్రవారాలలో క్యాంపు కూలీలకు తెలుగు చేసి వినిపిస్తూ ఉంటే, పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, దగ్గర వదిలిన ఆ మనుషుల చేతులు తెలియకుండానే జేబులోని బతాకా మీదికి, చేత మిగిలిన ఆ ఒక్క గుర్తింపు కార్డు మీదికి, వెళ్ళేవి.

“గీ దొర మా ఊరి దొర లెక్కనే ఉన్నడు గద సారూ. ఆఫ్రికల గూడ గడీ ఉంటదా?” అన్నాడు రాజయ్య మామ.

“ఉంటది. నీ అసోంటి వంగేటోడు ఉన్నకాడల్ల ఉంటది,” అని వెనుక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

కంపెనీ మేనేజరు, అందరూ ముదీర్ అనేవారు, ఆంగ్లేయుడు. పూర్వం ఆ కెన్యా తోటల మీదనే పెత్తనం చేసినవాడు. అందుచేత నాన్నగారు నవలకు పత్రిక కాగితంతో అట్ట వేశారు. పేరు లేని పుస్తకం నాకు సహించలేదు. మైదా ఉడికించి, అట్ట అంచులు, లేబుల్ అతికించి, గుండ్రని ఇంగ్లీషు అక్షరాలతో రాశాను: పేరు, కమావు, తరగతి, స్టోర్ రూము. పుస్తకాన్ని దాచడానికే అట్ట వేసిన నాన్నగారు కూతురి చేతిరాత చూసి మురిసి, దానిని అలాగే ఉంచేశారు.

వేసవి ముదిరేసరికి క్యాంపు తొట్టిలోకి ఉప్పునీళ్లే రాసాగాయి. నవలలో రైతులు ఒక ఉదయం బిళ్లలు తెంపి దొర గుమ్మంలో కుప్ప పోస్తారు. ఆ ఘట్టం చదివిన శుక్రవారం ఎవరూ నవ్వలేదు. “గా కితాబు ఈడ్నే ఉండనియ్యి సారూ,” అని రాజయ్య మామ అడిగి తీసుకున్నాడు. మరునాడు ముదీర్ గది ముందు బతాకాలు కుప్పగా పడి ఉన్నాయి. సాయంత్రానికి మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. నాన్నగారు అన్నం ముట్టలేదు.

ఆ కుప్ప ఏ కథలోదో ముదీర్ ఎరుగును. మూడవ రోజున రాజయ్య మామ పరుపు కింద పుస్తకం దొరికింది. ఎవరు చదివి వినిపించారని అడిగితే క్యాంపులో ఒక్కరూ నోరు విప్పలేదు. అయితే అట్ట మీద పేరుంది. కమావును పిలిచారు, తానే చదివానన్నాడు. కమావుకు తెలుగు రాదని ఆ గదిలో తెలిసినది నాన్నగారికి ఒక్కరికే. ఆయన పక్క బల్ల దగ్గర, కమావును దేశం పంపివేసే కాగితం టైపు చేస్తున్నారు. ఈ సంగతి నాన్నగారు చాలా ఏళ్ల తరువాత, ఒక్కసారే చెప్పారు.

నేను చూసినది వీడ్కోలు మాత్రమే. బయట జీపు ఇంజను ఆగలేదు. కమావు మా గుమ్మంలో నిలబడి, అట్ట చించేసిన పుస్తకాన్ని నా చేతిలో పెట్టాడు.

“తేరీ లిఖాయీ బహుత్ అచ్ఛీ హై, బేటీ,” అన్నాడు క్యాంపులో నేర్చిన హిందీలో, నా చేతిరాత చాలా బాగుందని.

నాన్నగారిని పిలవమని అడగలేదు. నాన్నగారు తలుపు వెనుకనే ఉన్నారు, ఇవతలికి రాలేదు.

ఆ క్యాంపు లేదు, సర్వపిండి మాడిన వాసన లేదు, ఖర్జూరపు గింజలతో ఆడే పిల్లలూ లేరు. నిన్న మనవరాలు రంగుల స్టిక్కర్లు పట్టుకువచ్చి ఈ పుస్తకం ఎవరిదని అడిగింది. పేరు చెప్పాను. తను స్టిక్కరు మీద రాయబోతే చెయ్యి పట్టుకున్నాను.